చెరువు, ఎరువు, వరి పంట

(చేవెళ్ల, మొయినాబాదు పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



ఈ ప్రాంతమున కురిసిన వాన ఈసీ, మూసీ నదులలో చేరి రెండు పెద్ద జలాశయములను నింపుచున్నది. 1908 నాటి మూసీ వరద పిమ్మట 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు ఏర్పడినవి. అవి హైదరాబాదు నగర రక్షణకును, నగరపు దాహమునకును కట్టినవి. మన మడులకు కాదు. ప్రాణహిత నీటిని చేవెళ్లకు తెచ్చు పథకము 2008లో ఆరంభమైనను ఆ నీరు ఇంకను మన పొలములకు చేరలేదు. మన వరికి ఊరి చెరువు, బావి, బోరు మాత్రమే ఆధారము.

వరి సాగుకై ప్రభుత్వము చేయు వ్యయము రెండు విధములు. ఒకటి పంటతో తీరిపోవునది, రెండవది పెక్కేండ్లు నిలుచునది. 45 కిలోల యూరియా బస్తాకు రైతు చెల్లించునది 266 రూపాయల 50 పైసలు. అసలు వెలలో అధిక భాగము కేంద్ర ప్రభుత్వము భరించుచున్నది. సేద్యమునకు విద్యుత్తు 2004 నుండి ఉచితము. 2018లో రైతుబంధుగా మొదలైన పెట్టుబడి సాయము 2025లో రైతు భరోసా పేరున ఎకరమునకు సాలుకు 12,000 రూపాయలైనది. ఇవన్నియు రైతుకు చేయూతయే. కాని మడిలో తడి లేనిచో ఎంత ఎరువు చల్లినను గింజ పాలు పోసుకొనదు. అదను తప్పి ఒకేసారి చల్లిన యూరియా చాలవరకు గాలిలోను నీటిలోను కలిసిపోవును. దానితో రైతు సొమ్మే కాక ప్రజాధనమును పోవును. విద్యుత్తు ఉచితమైనను భూగర్భజలము తరుగనిది కాదు. ఒకరి లోతైన బోరు పొరుగువాని బావిని ఎండగట్టవచ్చును.

ఇక నిలుచు వ్యయము. 2015లో మొదలైన మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడిక తీసి, ఆ ఒండ్రును పొలములకు తరలించిరి. చెరువు నిండినచో ఆయకట్టు తడియుటయే గాక చుట్టుపట్ల బావులలో ఊట పెరుగును. అయితే చెరువును నింపునది పై నుండి వచ్చు కాలువ. నేడు మన గ్రామములలో పొలములు ప్లాట్లుగా మారుచున్నవి. ఎగువను ఆ కాలువను పూడ్చి ఒక్క గోడ కట్టినచో దిగువ చెరువు నిండదు. పూడికతీతకు పెట్టిన ధనము వ్యర్థము. ఆ గోడ లేవకముందే చూడగలవారు మీరే.

కావున మేము మనవి చేయునది నాలుగు మాటలు. తొలకరికి ముందే కాలువ, తూము, మత్తడి నడిచి చూచి, ఆక్రమణ కనబడినచో తహశీలుదారునకు వ్రాతమూలముగా తెలుపుడు. గ్రామసభలో చర్చించి చెరువు పనిని పంచాయతీ ప్రణాళికలో చేర్పుడు. భూసార పరీక్ష చేయించి, యూరియాను నాట్లనాడు, పిలకల వేళ, చిరుపొట్ట దశలో మూడు దఫాలుగా వేయుమని రైతులకు చెప్పుడు. నీరు తక్కువైన యేట 150 దినముల సాంబ మసూరికి బదులు, రాజేంద్రనగరులో రూపొందిన 125 దినముల తెలంగాణ సోనను గాని, ఆరుతడి పంటను గాని ఎంచుకొనుమని సలహా ఇండు.

బస్తా ఎరువు ఒక పంటకే. కాపాడుకొన్న చెరువు మన మనుమలకును అన్నము పెట్టును. ఆ కాపుదల పంచాయతీ చేతిలో నున్నది.