కిండర్ స్కౌట్ కొండమీద

మాంచెస్టరులోని మనవారితో కలిసి మేము ఎక్కిన కొండ సంగతి చెప్పమన్నారు గనుక చెబుతున్నాము.

ఇంగ్లండులో, డెర్బీషైరు సీమలోని ఆ కొండ పేరు కిండర్ స్కౌట్. ఎత్తు 636 మీటర్లు, అంటే మన హార్స్‌లీ కొండల ఎత్తులో సగము. ఇంతేనా అనుకోవద్దు. మన కొండలమీద రాయి ఉంటుంది, కాలు నిలుస్తుంది. అక్కడ పైభాగమంతా చదునుగా ఉండి నల్లని రొంపి. అడుగు చూసి వేయకపోతే మోకాలిదాకా దిగబడవలసిందే.

ఈడేల్ అను పల్లెనుండి బయలుదేరాము. దారిలో వచ్చే నిటారు మెట్లకు యాకోబు నిచ్చెన అని పేరు! మనకు వెంటనే ఆదికాండము గుర్తుకు వస్తుంది. కాని 18వ శతాబ్దములో జేకబ్ మార్షల్ అనే రైతు ఆ మెట్లు తొలిచాడని అక్కడివారు చెబుతారు. గుర్రాన్ని చుట్టుదారిని వదిలి, తాను మెట్లెక్కి, అది వచ్చేదాకా పైన కూర్చుని పొగత్రాగేవాడట. గుర్రము ఏమనుకున్నదో ఎవరూ చెప్పలేదు.

పడమటి అంచుకు చేరేసరికి ఆకాశము తేటపడింది. క్రింద చెరువు, దాని ఆవల మాంచెస్టరు భవనములు, ఇంకా దూరాన మసకగా వేల్స్ కొండలు. అక్కడ సుమారు 30 మీటర్ల జలపాతము ఒకటి ఉన్నది. పడమటి గాలి గట్టిగా వీస్తే నీరు క్రిందికి పడక పైకే ఎగురుతుంది.

ఈ దృశ్యము చూచుటకు ఒకప్పుడు అనుమతి లేదు. గ్రౌస్ పక్షుల వేటకోసము భూస్వాములు ఈ బయలును మూసి ఉంచారు. 1932 ఏప్రిల్ 24, ఆదివారమునాడు మిల్లు ఊళ్ళ కార్మిక యువకులు సుమారు 400 మంది కావాలనే పైకెక్కారు. నాయకుడు బెన్నీ రాత్‌మన్‌కు అప్పటికి 20 ఏళ్ళు. గొడవ చేశారన్న నేరముపై అయిదుగురికి జైలు పడింది. 1951లో ఈ ప్రాంతము ఆ దేశపు మొదటి జాతీయ ఉద్యానవనమైంది. ఇటువంటి బయళ్ళమీద నడిచే హక్కు 2000 సంవత్సరపు చట్టముతో వచ్చింది.

ఇక ఆ రొంపి సంగతి. స్ఫాగ్నమ్ అనే నాచు నీటిలో పూర్తిగా కుళ్ళక, పొరమీద పొరగా పేరుకుంటే పీట్ అవుతుంది. ఏడాదికి పెరిగేది సుమారు 1 మిల్లీమీటరు. మీటరు లోతు నేలకు వెయ్యేళ్ళు! కొన్నిచోట్ల అది మనిషి నిలువుకన్న లోతు. మేము మురిసిపోయి చూసిన ఆ నగరపు మిల్లుల బొగ్గుపొగే ఆ నాచును చంపింది. గొర్రెలు మేశాయి, నిప్పులు అంటుకున్నాయి. కప్పు పోయిన నేలను వాన కోసి లోతైన గండ్లు చేసింది. 1982లో నేషనల్ ట్రస్ట్ అను సంస్థ ఈ కొండను కొన్న తరువాత మేతను తగ్గించి, గండ్లకు రాళ్ళతో, చెక్కలతో అడ్డుకట్టలు వేసి, నాచు మొలకలను చేతులతో నాటించారు. మా కంటికి ఆకుపచ్చని మచ్చలు అక్కడక్కడా కనబడ్డాయి.

ఉత్తరాన ఫెదర్‌బెడ్ మాస్ అను చోట రొంపిమీద రాతిపలకలు పరిచారు. ఈ దారికి పరిచిన పలకలు చాలావరకు పడగొట్టిన పాత బట్టల మిల్లుల నేలనుండి తెచ్చినవి. మాలో ఒకరు చేనేత ఇంటివారు. “మా తాతల మగ్గాలు మూయించింది ఈ మిల్లుల బట్టే గదా, నన్ను కాస్త మోయనీ!” అంటూ ముందు నడిచారు. స్నేక్ పాస్ రోడ్డుదాకా మా బూట్లు తడవలేదు.