రేపటి పట్నంలో మనిషికీ, గంపకూ దారి

(సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



“రేపటి నగరాలలో జనుల, సరకుల రాకపోకలు” అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శి గారు ఉత్తరువు చేశారు. విషయం కొండంతది. మేము మెట్రిక్యులేషను దాటి చదివినవారము కాము. ఇంజనీర్లు మాట్లాడవలసిన చోట గుమాస్తా మాట్లాడటం, పురోహితుడు రాని పెళ్లిలో పెళ్లికొడుకే మంత్రాలు చదువుకొన్నట్లు ఉంటుందని మొరపెట్టుకొన్నాము. వారు వినలేదు. కాబట్టి కొండను వదిలిపెట్టి, మా కిటికీలోనుంచి కనిపించినంత మేరకే మనవి చేస్తాము.

మేము రైల్వేలో చేరి పదమూడేళ్లు దాటింది. అందులో కొన్నాళ్లు గూడ్సు షెడ్డులో, తక్కిన కాలం టిక్కెట్ల కిటికీ వద్ద. షెడ్డులో కూర్చున్నవానికి మనుషులు అడ్డం. కిటికీ వద్ద కూర్చున్నవానికి మూటలు అడ్డం. రెండు కుర్చీలలోనూ కూర్చున్న మీదట మాకు తోచినది ఒక్కటే. పట్నానికి పథకం వేసేవారు మనుషులను ఒక పటం మీద గీస్తారు, సరకును మరొక పటం మీద గీస్తారు. తరచు ఆ రెండవ పటం గీయనే గీయరు. తీరా వీధిలోకి వచ్చి చూస్తే సరకు మనిషి నెత్తిమీదనే నడుస్తూ ఉంటుంది.

మన ఉత్తరపు లైనులో, సూళ్లూరుపేట వైపునుంచి వచ్చే లోకలు బండ్లలో, చేపల తట్టలు, ఆకుకూరల గంపలు, పూలబుట్టలు రోజూ పట్నానికి వస్తాయని మీకు తెలియనిది కాదు. వీరికోసం బండిలో వేరే పెట్టె ఉంటుంది. వెండర్ల పెట్టె అంటాము. కొన్నేళ్ల క్రితం మేము ఆ లైనులో ఒక చిన్న స్టేషనులో కిటికీ వద్ద ఉండేవారము. ఒక అవ్వ తెల్లవారకముందే ఆకుకూర గంపతో వచ్చి మొదటి టిక్కెట్టు కొనేది. తడ అవతలి పల్లె ఆమెది. ఒకనాడు బండి వచ్చేసరికి వెండర్ల పెట్టె నిండా కచేరీలకు పోయేవారు, కాలేజీ కుర్రవాళ్లు. వారిని అనడానికి లేదు. వారి పెట్టెలు అంతకుముందే క్రిక్కిరిసి ఉన్నవి. ఆ బండి పోయింది. తరువాతి బండీ అంతే. ఎండ ఎక్కింది. ఆమె గంప దించి మా కిటికీ వద్దకు వచ్చి ఇలా అన్నది: “ఏం నాయనా, మనిషి పెట్టెలోకి పోతే గంప అడ్డమంటారు. గంప పెట్టెలోకి పోతే మనుషులు నిండిపోయుండారు. ఇంతకీ నీ లెక్కలో నేనేంది?”

మా రేట్ల పుస్తకంలో మనిషికి ఒక రేటు ఉన్నది, సామానుకు ఒక రేటు ఉన్నది. ఆమె ప్రశ్నకు జవాబు లేదు. ఆనాటి తోటకూర స్టేషను వెలుపలి ఆవు తిన్నది.

పూర్వం మన పట్నంలో ఈ విభజన ఇంతగా లేదు. బకింగ్‌హాము కాలువ సంగతి పెద్దలకు తెలుసు. 1806 ప్రాంతంలో కాక్రేన్ దొర చెన్నపట్నం నుంచి ఎన్నూరు వైపు తవ్వించడంతో మొదలై, అటు పెదగంజాం మొదలు ఇటు మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు సాగింది. పట్నం నడుమ కూవం నదినీ, అడయారునూ కలిపే ముక్కను ధాత కరవునాడు, 1877–78లో, కూలికి వచ్చిన బీదల చేత తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాము ప్రభువు పేరే కాలువకు నిలిచింది. ఉప్పు, కట్టెలు, వడ్లు నెల్లూరు సీమనుంచి ఈ నీటిమీదనే వచ్చేవి. మా ముత్తాత కృష్ణపట్నం దాపులనుంచి పడవ లాగుతూ ఈ ఊరు చేరినవాడే. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టుమీద తాడు. కట్టెల మోపుల మీద మనుషులు కూర్చొని వచ్చేవారట. సరకు ఎవరు, ప్రయాణికుడు ఎవరు అని అడిగినవాడు లేడు.

1965, 1966 సంవత్సరాల తుపానులు కాలువను బాగా దెబ్బతీశాయి. లారీలు పెరిగాయి. మిగిలిన నీటిలోకి ఊరి మురుగు చేరింది. ఆ మీదట ఎత్తు వంతెనల రైలు వచ్చింది: 1995లో బీచి నుంచి చేపాక్ దాకా, 1997లో మైలాపూరు దాకా, 2007లో వేళచ్చేరి దాకా. దాని స్తంభాలు చాలావరకు కాలువలోనే దిగినవి. మా శాఖ పనే కనుక మేము గట్టిగా అనకూడదు గాని, జనుల బండి సరకుల కాలువ గుండెలమీద నిలబడినదన్నమాట మాత్రం నిజం. ఈ కాలువను జాతీయ జలమార్గంలో భాగమని 2008లో చట్టం చేశారు. పట్నంలోపల మాత్రం పడవ లేదు, దోమ ఉన్నది. 1895లో వచ్చిన విద్యుత్తు ట్రాములు 1953లోనే పోయినవి. వాటి కథ తాతలు చెప్పగా విన్నదే.

ఇక కొత్వాల్ చావడి మాట. మన కన్యకాపరమేశ్వరి దేవస్థానం వారి ఆధీనంలో ఉండిన ఆ కూరగాయల అంగడిలో తెలుగు మాట వినపడని గజం నేల ఉండేది కాదు. మా నాయన అక్కడ నిమ్మకాయల మండీలో గుమాస్తా. గూడూరు నిమ్మకాయ బస్తాలు దిగడం, లెక్క వ్రాయడం ఆయన పని. చాకలిపేటలో మా ఇంటినుంచి నడిచి పోయేవాడు. 1996లో అంగడిని కోయంబేడుకు తరలించారు. అది తప్పని మేము అనము. ఆ సందులలో రెండు లారీలు ఎదురుపడితే తెల్లవారేదాకా కదిలేవి కావు. బస్తా క్రింద నలిగిన కూలీలు ఉన్నారు. కోయంబేడులో 300 ఎకరాలకు కొంచెం తక్కువగా స్థలం ఇచ్చారు, విశాలంగా కట్టారు.

అయితే ఒకటి చూడండి. పాత అంగడికి సాల్టుకొటార్సు గూడ్సు యార్డు, రాయపురం, రేవు, అన్నీ ఎద్దుబండి పోయేటంత దూరంలో ఉండేవి. కొత్త అంగడికి రైలు పట్టాయే లేదు. మదనపల్లె టమాటా అయినా, గూడూరు నిమ్మ అయినా లారీమీదనే రావాలి. అక్కడనుంచి మళ్లీ చిన్న లారీమీద ఊరంతా పంచుకోవాలి. పటం గీసినవారు సరకుకు స్థలం చూశారు గాని, రాత్రి ఒంటిగంటకు ఆ సరకు దించే మనిషి ఎట్లా వస్తాడని చూడలేదు. ఆ వేళకు బస్సులు లేవు. మా నాయన మొదట్లో మండీలోనే పడుకొని, వారానికి రెండుసార్లు ఇల్లు చూసేవాడు. తరువాత పాత మోపెడ్ ఒకటి కొన్నాడు. 2002లో తెల్లవారుజామున తిరిగి వస్తూ ఉండగా లారీ తగిలి కాలు విరిగింది. మా చదువు మెట్రిక్యులేషనుతో ఆగడానికి ఆ కాలు కొంత కారణము. పెద్ద పట్నాల పథకాల గురించి ఎవరైనా మాట్లాడితే మాకు ముందు ఆ పది పన్నెండు కిలోమీటర్ల చీకటి దారే గుర్తుకు వస్తుంది.

2015 జూన్‌లో మన పట్నపు మెట్రో రైలు మొదటిసారి నడిచినది ఆ కోయంబేడు నుంచి ఆలందూరుకే. పందొమ్మిదేళ్లకు రైలు అంగడి వాకిటికి వచ్చింది. వచ్చి, మనుషులను మాత్రమే ఎక్కించుకొన్నది. చల్లని పెట్టె, శుభ్రమైన మెట్లు, అన్నీ మెచ్చుకోదగినవే. గంపలవారి పెట్టె మాత్రం అందులో లేదు.

ఊరంతటికీ కూరగాయలకు ఒకటే వాకిలి ఉంటే ఏమవుతుందో 2020లో చూశాము. అంటువ్యాధి అంగడిలో వ్యాపించినందున మే 5న కోయంబేడు మూసివేశారు. ఊరి పడమటి అంచున తిరుమళిశైలో తాత్కాలికంగా పందిళ్లు వేశారు. మళ్లీ తెరిచేసరికి సెప్టెంబరు అయింది. ఆ నెలలన్నీ వీధి వీధికీ కూరలు చేర్చినది తోపుడుబండ్లవారు, మూడు చక్రాల తొక్కుడు బండ్లవారు. పథకాల పటాలలో ఎక్కడా కనిపించనివారే ఆ ఆపదలో అక్కరకు వచ్చారు.

కూరగాయలు రైలు ఎందుకు దిగిపోయాయని మమ్మల్ని అడుగుతారు. తోటలో బండికి ఎక్కించాలి, స్టేషనులో దించాలి, పెట్టెలో ఎక్కించాలి, పట్నంలో దించాలి, మళ్లీ బండికి ఎక్కించాలి, అంగడిలో దించాలి. ఆరు చేతులు మారేసరికి టమాటా చారు అవుతుంది. లారీ అయితే ఎక్కించడం ఒకసారి, దించడం ఒకసారి. అందుచేత రైతును తప్పుపట్టలేము. కాని ఇనుప పట్టాల మీద ఇనుప చక్రం దొర్లేటప్పుడు రాపిడి చాలా తక్కువ. అదే బరువుకు రైలు త్రాగే శక్తి లారీకంటే ఎంతో తక్కువ. ఒక మూత వ్యాగను సుమారు 60 టన్నులు మోస్తుంది, అంటే ఆరు చక్రాల లారీలు ఆరింటి బరువు. ఈ లాభం వదులుకోవడం మాకు కష్టంగా ఉంటుంది. 2020లో రేణిగుంట నుంచి పాలు, అనంతపురం నుంచి పండ్లు రైలుమీద ఢిల్లీకి వెళ్లనే వెళ్లాయి. కొంకణ రైల్వేవారు 1999 నుంచి లారీలనే బండిమీద ఎక్కించి మోస్తున్నారు. దూరం చిక్కు కాదు. చివరి పది కిలోమీటర్లు చిక్కు.

జర్మనీలో డ్రెస్డెన్ అనే నగరంలో 2001 నుంచి 2020 దాకా కార్ల విడిభాగాలను ట్రాముబండ్లు ఊరి నడుమగా కర్మాగారానికి చేరవేశాయని చదివాము. అది ఆగిపోయింది, నిజమే. ఆగిందని చెప్పి అసలు కుదరదనడం న్యాయం కాదు. అంతదూరం ఎందుకు, బొంబాయిలో భోజనం డబ్బాలవారు నూరేళ్లకు పైగా లోకలు బండ్ల సామాను పెట్టెనే నమ్ముకొని ఊరంతటికీ అన్నం అందిస్తున్నారు.

మరి మన పట్నంలో ఏమి చేయవచ్చు? రాత్రి బండ్లు లేని వేళ సరకు నడపమని కొందరు అంటారు. ఆ కొద్ది గంటలలోనే పట్టాలు, తీగెలు బాగుచేసుకోవాలి, అది కుదరదు. పగలు పదకొండు మొదలు మూడు దాకా లోకలు పెట్టెలలో చోటు ఉంటుంది; అది వాడుకోవచ్చు. ఉదయపు బండ్లలో వెండర్ల పెట్టెను వెండర్లకే నిలిపి ఉంచాలి. అందుకు పోలీసు కంటే ఇంకొక మనుషుల పెట్టె తగిలించడం మేలు. స్టేషను ప్రక్కనే చిన్న అంగళ్లు ఉంటే గంప దించిన చోటే అమ్ముడుపోతుంది. అక్కడనుంచి ఇంటింటికీ తొక్కుడు బండి, బ్యాటరీ బండి చాలును. వాటికి నిలబడే చోటు, రోడ్డుమీద ఒక ప్రక్క దారి కావాలి. మెట్రో రెండవ దశలో దాదాపు 119 కిలోమీటర్ల దారులకు పనులు చేపట్టారు. స్టేషనులో ఒక వాలు దారి, గంప దించే ఒక అరుగు పెట్టడానికి సిమెంటు ఆరకముందే తగిన సమయం. ఆరిన తరువాత అరుగుకు చోటు అడిగితే నవ్వుతారు.

బస్సుకు, మెట్రోకు, లోకలుకు ఒకేచోట టిక్కెట్టు ఇచ్చే ఏర్పాటు 2025 సెప్టెంబరులో చేతిఫోనులోకి వచ్చింది. చాలా సంతోషం. అది మనిషి టిక్కెట్టు.

గంప అనగానే ఎవరో అమ్ముకొనేవారి మాట అనుకోకండి. 2018లో మన ఆంధ్ర బస్సులను మాధవరానికి మార్చినప్పుడు ఈ సభలోనివారు ఎంత గోల చేశారో మాకు తెలుసు. టిక్కెట్టు ధర పెరిగినందుకా? కాదు. బియ్యం మూట, ఆవకాయ జాడీ, చంటిబిడ్డ, వీటితో మాధవరంలో దిగి ఇంకొక బండి ఎక్కవలసి వచ్చినందుకు. ఊరినుంచి ఉత్తచేతులతో వచ్చే తెలుగువాడిని మేము ఇంతవరకు చూడలేదు.

అవ్వ ఇప్పుడు రావడం లేదు. ఆమె కోడలు వస్తున్నది. రైలులో కాదు, నలుగురు కలిసి మాట్లాడుకొన్న సరకుల ఆటోలో, గంపల నడుమ కూర్చొని. చార్జీ రైలుకంటే ఎన్నోరెట్లు. పోలీసువారు ఆపితే దానికి వేరే.

సభ ముగిసిన తరువాత తలుపు ప్రక్క బల్లమీద ఒక అర్జీ ఉంటుంది. వెండర్ల పెట్టె గురించి, కొత్త స్టేషనులలో అరుగుల గురించి రెండు పుటలు, తెలుగులోనూ తమిళంలోనూ వ్రాయించాము. ఉద్యోగధర్మం చేత మేము దానిమీద చేవ్రాలు చేయరాదు. మొదటి చేవ్రాలు మా నాయనది, తెలుగులోనే చేశాడు. రెండవ వరుస ఖాళీగా ఉన్నది. కలము దారంతో కట్టి ఉంచాము, దయచేసి తీసుకొనిపోకండి. పులిహోర వడ్డన అటువైపే.

సెలవు.