అతుకుల బొంత: కొద్ది ఖర్చుతో కుట్టు పని

(మొఘల్‌పురాలో జరిగిన స్త్రీల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ పూట మనము మాట్లాడుకొనే సంగతి ప్రసంగ పీఠము నుండి సాధారణముగా వినబడేది కాదు. కుట్టు పని, అందులోను బొంత కుట్టడము. మన భాషలో “అతుకుల బొంత” అనే మాటను మనము ఎప్పుడూ నిందగానే వాడుతాము. పొందిక లేని ఉపన్యాసము అతుకుల బొంత. ఒక పద్ధతి లేని చట్టము అతుకుల బొంత. అయితే చలికాలములో నిజమైన బొంత కప్పుకొని పడుకొన్నవారు ఆ మాటను నిందగా వాడరు. ఒక్కొక్కటిగా దేనికీ పనికిరాని ముక్కలు ఒకదానినొకటి పట్టుకొని నిలిచినప్పుడు, కొత్త దుప్పటి కంటె ఎక్కువ కాలము మన్నుతాయి.

మేము ఇళ్ళు దర్శించేటప్పుడు తరచుగా రెండు సంగతులు చూస్తుంటాము. ఒకటి, మంచము క్రింద ట్రంకు పెట్టె. అందులో వెలిసిన నూలు చీరెలు, పాత ధోవతులు, లుంగీలు, పిల్లలకు పొట్టి అయిన గౌనులు ఉంటాయి. కట్టుకొనడానికి పనికిరావు, పారవేయడానికి మనసు రాదు. రెండవది, కిటికీ ప్రక్కన గుడ్డ కప్పి ఉంచిన కుట్టు మిషను. అప్పు చేసి కొన్నారు. కుట్టు మాత్రము రాలేదు. వారము వారము వాయిదా కట్టవలసిన దినము మాత్రము తప్పక వస్తున్నది. ఈ రెండింటినీ కలిపి ఆలోచించండని మా మనవి. మేము చెప్పదలచినది ఒక్కటే. మిషనుతో మొదలుపెట్టవద్దు, సూదితో మొదలుపెట్టండి. కొత్త గుడ్డ కొనవద్దు, ట్రంకు పెట్టె తెరవండి. ఒక చిన్న బొంత పూర్తి అయిన తరువాతనే మిషను మాట తలపెట్టండి.

మన వీధిలో దొరికేవి

బొంత మనకు కొత్త కాదు. పల్లెలలో పెద్దవారు పాత చీరెలు పొరలు పొరలుగా పరచి కుట్టినదే బొంత. మన ఇరుగుపొరుగు ముస్లిము కుటుంబాలలో దానినే గుదడి అంటారు. పేరు వేరు, పని ఒకటే. మొఘల్‌పురాలో ఉన్నవారికి మరొక సదుపాయము కూడ ఉన్నది. చార్మినారు చుట్టుప్రక్కల, పత్తర్‌గట్టి, మదీనా వైపు బట్టల దుకాణాలున్నాయి. మన గల్లీలలో దర్జీలు ఉన్నారు. వారు కత్తిరించగా మిగిలిన ముక్కలను కత్రన్ అంటారు. మర్యాదగా అడిగితే ఊరకనే ఇచ్చేవారు ఉంటారు, కొందరు తూకము మీద ఇస్తారు. తెచ్చిన తరువాత నూలు ముక్కలను, నైలాను పట్టు ముక్కలను వేరు చేయండి. నూలు ముడుచుకొంటుంది, నైలాను ముడుచుకొనదు. రెండూ ఒకే బొంతలో కలిస్తే మొదటి ఉతుకులోనే ముడతలు పడతాయి. చెమట పీల్చేది కూడ నూలే.

మొదట కావలసిన సామాను ఇంతే: రెండు మూడు సూదులు, నూలు దారము, కత్తెర, టేపు, వేలికి తొడుగుకొనే అంగుస్తానా. గుర్తు పెట్టడానికి చాకు కొననక్కర లేదు. అరిగిపోయిన సబ్బు బిళ్ళ చాలు. ఆ గీత ఉతికితే పోతుంది. దారము చిక్కు పడకుండా కొవ్వొత్తి మీద ఒకసారి లాగండి. దారము మూరెడు కంటె పొడుగు తీయవద్దు. పొడుగు దారము తొందర పనిలాగా కనిపిస్తుంది గాని, ముడులు విప్పడములోనే ఆ లాభమంతా పోతుంది.

మొదటి బొంత

పెద్ద బొంతతో ప్రారంభించినవారు సగములో విడిచిపెడతారు. కనుక పసిబిడ్డకు సరిపోయే బొంత కుట్టండి. లెక్క ఇది.

శుభలేఖ అట్ట మీద ఐదు అంగుళాల చతురస్రము గీసి కత్తిరించండి. ఇదే మన కొలబద్ద. గుడ్డలన్నిటిని ముందుగా వేడినీళ్ళలో ఉతికి, గంజి వదిలించి, ఎండలో ఆరవేయండి. ఎరుపు, నీలము రంగుల ముక్కలను తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూడండి. రంగు దిగితే ఆ ముక్కను పక్కన పెట్టండి. వెలుతురుకు ఎత్తి పట్టుకొని, పోగులు పలుచబడిన చోటును విడిచి, గట్టిగా ఉన్నచోటనే అట్ట పెట్టి గీయండి. ఈ విధముగా 64 ముక్కలు కావాలి.

వాటిని నేల మీద వరుసకు ఎనిమిది చొప్పున ఎనిమిది వరుసలు పరచండి. ముదురు రంగు ప్రక్కన లేత రంగు ఉండేలా మార్చి మార్చి చూడండి. ఖర్చు లేని అందము ఈ మార్పులోనే ఉన్నది. తరువాత ఒక్కొక్క వరుసను పావు అంగుళము లోపల కుట్టండి. ఈ అతుకులకు వెనుక కుట్టు, అనగా మన వీధిలో బఖియా అనేది, గట్టిగా ఉంటుంది. ప్రతి ముక్కకు నాలుగు ప్రక్కల పావు అంగుళము పోగా నాలుగున్నర అంగుళాలు మిగులుతుంది. ఎనిమిది నాలుగున్నరలు 36 అంగుళాలు. ఎనిమిది వరుసలనూ ఒకదానికొకటి కలిపితే 36 అంగుళాల చతురస్రము సిద్ధమవుతుంది. అంచులలో పావు అంగుళము మడతకు మిగిలి ఉంటుంది. అతుకులు ఒక వరుసలో కుడి ప్రక్కకు, మరు వరుసలో ఎడమ ప్రక్కకు వాలునట్లు ఇస్త్రీ చేయండి. ఇస్త్రీపెట్టె లేనివారు వేడినీళ్ళు పోసిన ఇత్తడి చెంబు అడుగుతో నొక్కవచ్చు.

అడుగు పొరకు 40 అంగుళాల చతురస్రము కావాలి. నూలు చీర పన్నా సుమారు 45 అంగుళాలు ఉంటుంది గనుక ఒక పాత చీరలో అతుకు లేకుండా వస్తుంది. అదే చీరలో మధ్య పొరలు రెండు, 36 అంగుళాలవి, తీయవచ్చు. చాప మీద అడుగు పొర పరచి, దాని మీద మధ్య పొరలు, అన్నిటికంటె పైన ముక్కల పొర పెట్టండి. చుట్టూ రెండేసి అంగుళాలు అడుగు గుడ్డ మిగులుతుంది. నడిమి నుండి అంచులకు చేతితో సాపు చేస్తూ, జానెడు దూరములో పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయండి. అంచు నుండి ప్రారంభిస్తే నడుమ గుడ్డ బుడగలాగా లేస్తుంది.

ఆ తరువాత అసలు పని. సూది క్రిందికి, పైకి సమానముగా పోయే సాదా కుట్టుతో, రెండు వ్రేళ్ళ దూరములో వరుసలు వేయండి. ప్రతిసారి సూది అన్ని పొరలలో నుండి దిగిందా అని అడుగున వేలితో తాకి చూడండి. వరుసలన్నీ అయిన తరువాత మిగిలిన అంచును అర అంగుళము లోనికి మడచి, పై పొర మీదికి త్రిప్పి, తుర్పాయి కుట్టండి. కచ్చా కుట్లు విప్పివేయండి. ఇక చివరి మాట: పని మొదలుపెట్టేటప్పుడు సూదులు లెక్కపెట్టండి, ముగించేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే అయస్కాంతముతో బొంత అంతా వెదకండి. అది దొరికేదాకా ఆ బొంత మీద బిడ్డను పడుకొనబెట్టవద్దు.

ఈ ఒక్క చిన్న బొంతలో కొలత, కత్తిరింపు, వెనుక కుట్టు, సాదా కుట్టు, తుర్పాయి, ఇస్త్రీ అన్నీ వచ్చినవి. లంగాకైనా, జాకెట్టుకైనా ఇవే మూల పాఠాలు. తప్పు కుట్టు పడితే నష్టపోయేది పాత ముక్క మాత్రమే. కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టాలంటే వణికే చేయి పాత చీర మీద వణకదు.

మరొక సంగతి కూడ చెప్పాలి. గతించిన తల్లి చీరెలను ఏమి చేయాలో తెలియక పెట్టెలో దాచుకొన్న కుటుంబాలు మనలో ఉన్నాయి. దానిలో నుండి కొన్ని ముక్కలు మనుమరాలి బొంతలోనికి వస్తే అది దుర్వినియోగము కాదు.

మిషను ఎప్పుడు?

వాయిదాల మీద అమ్మకము కుట్టు మిషనుతో పాటు పెరిగినదే. ఐజక్ సింగర్ 1851లో అమెరికాలో తన మిషనుకు పేటెంటు పొందాడు. ఆ దశకములోనే అతని కంపెనీ వాయిదాల పద్ధతిని వ్యాపింపజేసింది. వాయిదా చెడ్డది కాదు. పని రాకముందే వచ్చిన వాయిదా చెడ్డది. చేతి కుట్టు సమానముగా పడుతున్నది, నెలకు ఇంత పని వస్తున్నది అని తెలిసిన తరువాత మిషను తీసుకొనండి. అది కూడ పాత నల్ల మిషను చాలు. కొనేటప్పుడు మీ గుడ్డ మీరే తీసుకొని వెళ్ళండి. రెండు మడతలు వేసి కుట్టి చూడండి. పై దారము, క్రింది దారము రెండు వైపులా సమానముగా పడాలి. నాలుగు మడతల మీద సూది ఆగకూడదు. చక్రము చేతితో త్రిప్పితే తేలికగా తిరగాలి.

నేర్చుకొనడానికి స్థలాలు ఉన్నాయి. 1978లో జంట నగరాల యువతకు ఉపాధి కొరకు ప్రభుత్వము స్థాపించిన సెట్విన్ కుట్టు శిక్షణ ఇస్తున్నది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకములో దర్జీ పని కూడ చేరి ఉన్నది. అర్హులైనవారికి పనిముట్ల కొరకు 15,000 రూపాయల వరకు సహాయము, 5 శాతము వడ్డీకి అప్పు ఆ పథకములో ఉన్నాయి. వీధి వడ్డీకి పోకముందు ఈ తలుపులు తట్టండి.

చేతి కూలి లెక్క

ఇది మేము అన్నిటికంటె గట్టిగా చెప్పదలచిన మాట. గోదావరి జిల్లాలలోని నరసాపురము ప్రాంతములో 19వ శతాబ్దములో మిషనరీలు పేద స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. మంచి ఉద్దేశముతోనే నేర్పారు. లేసు విదేశాలకు పోయింది, వర్తకులు బాగుపడ్డారు. అయితే జర్మను పరిశోధకురాలు మరియా మీస్ ఆ స్త్రీలను గూర్చి 1982లో ఒక పుస్తకము ప్రచురించింది. దినమంతా అల్లినా వారికి రూపాయి కూడ గిట్టడము లేదని ఆమె లెక్క చూపింది. కారణము ఏమిటి? అది పని కాదని, ఇంట్లో కూర్చున్న ఆడవారి కాలక్షేపమని అందరూ అనుకొన్నారు, ఆ స్త్రీలు కూడ అనుకొన్నారు. కాలక్షేపానికి కూలి అడిగేవారెవరు?

కనుక మొదటి బొంత నుండే ఒక కాగితము పెట్టుకొనండి. ఏ గంటకు కూర్చున్నారో, ఏ గంటకు లేచారో వ్రాయండి. దారము ఖర్చు వ్రాయండి. అమ్మినా, అమ్మకపోయినా, మనుమడికి ఇచ్చినా వ్రాయండి. పీసుకు ఇంత అని ఎవరైనా పని తెస్తే, ఒక పీసు కుట్టి గడియారము చూచి, తరువాత ఒప్పుకొనండి. వెనుక వరుసలోని సహోదరులకు కూడ ఒక మాట: ఇంట్లో సూది నడుస్తున్నప్పుడు దానిని పని అనే పిలవండి.

ఇతర చోట్ల

మన పొరుగు రాష్ట్రము కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లా అడవి గ్రామాలలో సిద్దీలు ఉన్నారు. వీరి పూర్వికులు ఆఫ్రికా నుండి వచ్చినవారు. వారిలో క్రైస్తవులు, ముస్లిములు, హిందువులు ఉన్నారు. ముగ్గురూ పాత గుడ్డలతో కవంది అనే బొంత కుడతారు. నాలుగు మూలలలో మడత వేసిన చిన్న ముక్కలు పెడతారు, వాటిని పూలు అంటారు. అవి లేకపోతే బొంత నగ్నముగా ఉన్నదని వారి భావన. పేదరికము కుట్టించిన బొంత మీద కూడ పువ్వు పెట్టకుండ ఉండలేకపోయారు.

అమెరికాలోని అలబామా రాష్ట్రములో నల్లజాతి స్త్రీలు చిరిగిన పొలము బట్టలతో బొంతలు కుట్టేవారు. 1966లో ఫ్రాన్సిస్ వాల్టర్ అనే గురువు సహకారముతో వారు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘముగా ఏర్పడ్డారు. అదే ప్రాంతములోని జీస్ బెండ్ స్త్రీల బొంతలను 2002లో హ్యూస్టన్ నగరపు కళా ప్రదర్శనశాల గోడలకు వ్రేలాడగట్టి చూపారు. 2006లో అక్కడి ప్రభుత్వము వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వేసింది. చలికి తాళలేక కుట్టినవి అవి.

అంత దూరము పోనక్కర లేదు. 1990 డిసెంబరులో ఈ పాతబస్తీ అల్లర్లలో నలిగిపోయిన తరువాత, 1930లో లాహోరులో పుట్టి 1971లో హైదరాబాదు చేరిన హెన్రీ మార్టిన్ సంస్థ, మన ప్రక్కనే ఉన్న సుల్తాన్ షాహీలో సేవ ప్రారంభించింది. అక్కడ ముస్లిము, హిందూ స్త్రీలకు నేర్పిన పనులలో కుట్టు ఒకటి. ఒక కత్తెర ఇద్దరికి కావలసి వచ్చినప్పుడు ఇద్దరూ మాట్లాడుకొనక తప్పదు.

దొర్కా కథ మీకు తెలుసు. ఆమె మరణించినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపినది ఆమె మాటలను కాదు, ఆమె కుట్టి ఇచ్చిన బట్టలను. ఆమె పేరుతో సంఘాలలో కుట్టు సంఘాలు వెలిసినవి. మన కూడిక కూడ అలాంటిదే కావచ్చు. అయితే మన తలుపు మన సంఘస్థులకు మాత్రమే కాదు, మన గల్లీ అంతటికీ తెరచి ఉండాలని మా కోరిక.

వచ్చే కూడికకు వచ్చేటప్పుడు ఒక పాత నూలు చీర ఉతికి తెండి. ఒక సూది, ఒక దారపు రీలు తెండి. ప్రక్కింటి సహోదరిని కూడ వెంట తీసుకొని రండి. అట్టలు కత్తిరించి మేము సిద్ధముగా ఉంచుతాము.