ప్రవాసి చేతిలోని పత్రము

(పట్టణ పఠనమందిరమున జరిగిన వారపు సభలో చేసిన యుపన్యాస పాఠము)



ఈ సాయంకాలము నేను ప్రసంగింపబూనిన విషయము శాస్త్రచర్చయు గాదు, కావ్యచర్చయు గాదు. కాగితములను గూర్చిన మాట. పాసుపోర్టు, వీసా, ఒడంబడిక, గుర్తింపుచీటి — ఈ నాలుగింటిని గూర్చియే మీకు మనవి చేసికొందును. ఇంత చిన్న విషయమునకు సభ యేల యని యెవరికైన దోపవచ్చును. కాని కరీంనగరము, నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములందును, కడప మండలమందును, కోనసీమయందును గల్ఫు దేశముల కూలిపై నాధారపడి బ్రదుకుచున్న కుటుంబములు వేలకొలదిగా నున్నవి. ఆ కుటుంబముల యన్నము ఈ కాగితములపై నాధారపడి యున్నది. అవి సక్రమముగా నున్నచో ఇల్లు నిలుచును. అవి చేజారినచో మనుష్యుడే చేజారును.

మనవారి సముద్రయానము నిన్నటిది గాదు. 1860వ సంవత్సరము నవంబరు మాసమున చెన్నపట్టణమునుండి పోయిన "ట్రూరో" యను నోడ నేటాలు దేశమున డర్బను రేవు చేరెను. చెరకుతోటలలో కొన్నేండ్లు పనిచేయుదుమని యొప్పుకొని పోయినవారు వారు. ఆ యొప్పందపు కాగితమునకు ఆంగ్లమున "అగ్రిమెంటు" అని పేరు. కూలిజనుల నోట నది "గిర్మిటు" అయ్యెను. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరిట బర్మాదేశమున మన కూలీలకు "కోరంగీలు" అను పేరు వచ్చెను. మేస్త్రీ ముందుగా కొంత సొమ్మిచ్చి, ఆ ఋణముతో కట్టి, ఓడ నెక్కించి తీసికొనిపోవుట యచటి పద్ధతి. ఈ రెండు చోట్లను జరిగిన యన్యాయమునకు మూల మొక్కటియే. పోవువానికి తాను ఒప్పుకొన్న కాగితములో నేమున్నదో తెలియదు, తెలిసినవాడు చెప్పడు. గిర్మిటు వలసను 1917లో నిలిపివేసిరి. కాని ఆ యజ్ఞానము నిలిచిపోలేదు.

కాగితములను గూర్చి మన చరిత్రలో మరియొక ఘట్ట మున్నది. 1908 ఆగష్టు 16వ తేదీని జోహాన్సుబర్గు నగరమున గాంధీమహాత్ముని నాయకత్వమున భారతీయులు రెండువేలకు పైబడిన రిజిస్ట్రేషను పత్రములను నిప్పులో వైచిరి. ఆ పత్రము మనవారి నవమానించుటకై పాలకులు కల్పించినది. కావున దానిని కాల్చుటయే ధర్మమయ్యెను. నేటి ప్రవాసి చేతి పాసుపోర్టు అట్టిది గాదు. దానిపై నున్నది స్వతంత్రదేశపు ముద్ర. అది కాల్పదగినది కాదు, కాపాడుకొనదగినది. అయినను రెండింటికిని వర్తించు నీతి యొకటి కలదు: నా పేర నున్న పత్రమును గూర్చి నిర్ణయింపవలసినవాడను నేనే గాని, నాకు కూలి యిచ్చువాడు గాడు.

ఇది నా సొంత వాదము గాదు. విదేశయానము వ్యక్తిస్వాతంత్ర్యములో నొక భాగమని మన సర్వోన్నత న్యాయస్థానము 1967లో సత్వంత్ సింగు సాహ్నీ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. ఆ యేడే పాసుపోర్టు చట్టము పుట్టినది. ఆ చట్టమున 17వ విభాగము ప్రకారము పాసుపోర్టు ఎల్లప్పుడును కేంద్రప్రభుత్వపు ఆస్తి. ప్రభుత్వపు ఆస్తిని పరదేశపు యజమానుడు తన బీరువాలో పెట్టి తాళము వేయుటకు హక్కెక్కడిది? కువైటు దేశము తన 2015వ సంవత్సరపు గృహకార్మికుల చట్టమున కార్మికుని సమ్మతి లేనిదే యజమానుడు పాసుపోర్టు నుంచుకొనరాదని శాసించినది. కతారు దేశమున కార్మికుడు వ్రాతమూలముగా కోరిననే దాని నుంచుకొనవచ్చును. చట్ట మిట్లుండగా, ఆచరణమున మనవారి పాసుపోర్టులు నేటికిని కఫీలు బీరువాలలోనే యున్నవి. ఏల? దిగిన దినముననే పదికాగితములపై సంతకము పెట్టించుచుందురు. వానిలో నిట్టి కోరికపత్రముండినను ఆ సంతకము చేసినవానికి తెలియదు.

ఇక ప్రయాణమునకు ముందు జరుగవలసినదానిని విచారింతము. పదవ తరగతిలో కృతార్థులు కాని సామాన్య కార్మికులు గల్ఫు రాజ్యములు, మలేషియా మున్నగు దేశములకు పనికై పోవుటకు ముందు "ప్రొటెక్టరు ఆఫ్ ఎమిగ్రెంట్సు" అను నధికారి యనుమతి పొందవలయును. 1983వ సంవత్సరపు వలసచట్ట మిట్లు విధించినది. హైదరాబాదులో నా కార్యాలయ మున్నది. పలువు రీ యనుమతిని అడ్డంకిగా నెంచుచున్నారు. అది అడ్డంకి గాదు, కంచె. దానిని పొందుటకు పని యొడంబడిక చూపవలయును; జీతము, పనిగంటలు, వసతి అందు వ్రాసియుండవలయును. ప్రవాసీ భారతీయ బీమా యోజనలో చేరవలయును. పన్నుగాక రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు చెల్లించినచో, ప్రమాదమున మరణించినను అంగవికలుడైనను 10 లక్షల రూపాయల బీమా కలదు. లైసెన్సుగల ఏజెంటు తన సేవకై 30,000 రూపాయలును దానిపై పన్నును మించి పుచ్చుకొనరాదు.

ఈ కంచెను దాటించుటకే లైసెన్సులేని ఏజెంటు "విజిట్ వీసా" యను దొంగదారిని చూపును. చూడబోవువాని కీ యనుమతి యక్కరలేదు గదా! కాని చూడబోవువానికి ఒడంబడిక లేదు, ఆ బీమా లేదు, ఆ దేశమున పనిచేయు హక్కును లేదు. మరియొకడు "ఆజాద్ వీసా" యని ఆశ పెట్టును. ఎవరివద్దనైనను పనిచేసికొనవచ్చునని చెప్పును. అట్టి పేరుగల వీసా యే దేశపు చట్టమందును లేదు. పని యియ్యని కఫీలు పేర కొన్న వీసా యది. కువైటులో ఇంటిపనికై యిచ్చు "ఖాదిము" వీసాపై పోయి, కంపెనీ పనికై యిచ్చు "షూను" వీసాగలవాడు చేయవలసిన పని చేసినచో, ఎంత నిజాయితీగా కష్టపడినను వాడు చట్టము దృష్టిలో నేరస్థుడు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి లక్షలు తెచ్చి ఈ నేరమును కొనుక్కొనుచున్నారు మనవారు!

స్త్రీల విషయమున చట్టము మరింత జాగ్రత్త వహించినది. ఈ వలస యనుమతి యవసరమైన తరగతికి చెందిన స్త్రీ 30 ఏండ్లు నిండక యింటిపనికై ఆ దేశములకు పోరాదు. 2016 మొదలు వీరిని ప్రభుత్వాధీనమునందలి సంస్థలే పంపవలయునని నియమ మేర్పడినది. ఏ దళారియైన ఇరువదియైదేండ్ల చెల్లెలితో "నిన్ను విజిట్ మీద పంపెదను" అన్నచో, ఆ మాటయే వాని మోసమునకు సాక్ష్యము.

పేరు మాట యొకటి చెప్పవలసియున్నది. మనకు ఇంటిపేరు ముందు, పిలుపుపేరు వెనుక వ్రాసికొనుట యాచారము. బడి కాగితములో ఇంటిపేరునకు ఒక యక్షరము, ఆధారు కార్డులో నిండుపేరు, పాసుపోర్టులో మరియొక వర్ణక్రమము నుండుట మనకు వింతగా దోపదు. ఆంగ్లమున ఒక యక్షరము తేడా వచ్చినచో, పరదేశపు కార్యాలయమున ఒక్క మనుష్యు డిద్దరగును. పాసుపోర్టులో ఒకే పేరుండి ఇంటిపేరు గడి ఖాళీగా నున్నవారిని సందర్శక వీసాపై రానీయమని ఐక్య అరబ్బు ఎమిరేట్సు వారు 2022 నవంబరులో ప్రకటించిరి. కావున బయలుదేరుటకు ముందే అన్ని కాగితములలోను పేరును, పుట్టినతేదీని సరిపోల్చుకొనుట శ్రేయము.

మూటలను గూర్చియు నొక హెచ్చరిక. మన యింట కూరలో వేసికొను గసగసాలు గల్ఫు రాజ్యములు పెక్కింటిలో నిషిద్ధము. నల్లమందు మొక్క గింజలగుటయే కారణము. కొన్ని నొప్పిమాత్రలును, దగ్గుమందులును వైద్యుని చీటి లేనిదే తీసికొనిపోరాదు. "మా తమ్ముని కీ పొట్లమిమ్ము" అని విమానాశ్రయమున నెవరైన నిచ్చినచో, లోపల నేమున్నదో స్వయముగా చూడనిదే పుచ్చుకొనరాదు. పొట్లము మోసినవాడే అచట జవాబుదారి.

అచటికి చేరిన పిమ్మట ప్రవాసికి ప్రాణము గుర్తింపుచీటి. సౌదీలో దానిని అకామా యందురు. కువైటులో బతాకా యందురు. అది లేక వైద్యశాలకు పోవుటయు, బ్యాంకులో ఖాతా తెరచుటయు, ఇంటికి సొమ్ము పంపుటయు దుర్ఘటము. దాని గడువును పొడిగింపవలసినవాడు యజమానుడు. వాడు పొడిగింపకున్నచో, కార్మికుడు తన తప్పేమియు లేకయే చట్టవిరుద్ధు డగుచున్నాడు. జీతమియ్యని యజమానుని విడిచి వెడలిపోయినచో సౌదీలో వానిపై "హురూబు" వ్రాయింతురు; అనగా పారిపోయినవాడని అర్థము. ఇట్టివారిని మనవారే "ఖల్లివెల్లి" యని పిలుచుచున్నారు. నవ్వుచు పలుకు మాట యది. కాని ఆ పేరు పడినవాడు పగలు వీధిని నడువ వెరచును, రోగము వచ్చినను వైద్యుని చేర వెరచును, తండ్రి చనిపోయినను ఇంటికి రాజాలడు.

ఆ దేశములును కొంత మారినమాట నిజము. కతారులో పెక్కుమంది కార్మికులకు దేశము విడుచుటకు యజమానుని యనుమతి 2018లో తొలగినది. 2020లో గృహకార్మికులకును తొలగినది. ఆ యేడే పనిమారుటకు వాని సమ్మతిపత్ర మక్కరలేదని శాసించిరి. సౌదీలో 2021 మార్చి నుండి ప్రైవేటు కంపెనీల కార్మికులకు ఇట్టి సౌకర్యములు కొన్ని కలిగినవి. కాని ఇండ్లలో పనిచేయు స్త్రీలను, ఇంటికారు తోలువారిని, పశువుల మేపువారిని ఆ సంస్కరణమునుండి మినహాయించిరి. మనవారిలో నత్యంత నిస్సహాయులు వీరే గదా!

అప్పుడప్పుడు ఆ ప్రభుత్వములు క్షమాభిక్ష ప్రకటించుచుండును. సౌదీలో 2013లోను, కువైటులో 2018లోను, ఎమిరేట్సులో 2024లోను ఇట్లు జరిగినది. జరిమానా లేకయే ఇంటికి పోవచ్చును. అప్పుడు పాసుపోర్టు లేనివాడు మన రాయబార కార్యాలయమునుండి అవుట్‌పాసు పొందవలయును. తాను భారతీయుడనని రుజువు చూపవలయును. ఇంట పాసుపోర్టు నకలు ఒక్కటి యున్నచో పని సులభము. లేనిచో గడువు దినములు రుజువులు వెదకుటయందే గడచిపోవును. దైవవశమున మరణమే సంభవించినను, దేహమును స్వగ్రామము చేర్చుటకు మరణధ్రువపత్రము, రాయబార కార్యాలయపు అనుమతి, పాసుపోర్టు రద్దు, కుటుంబపు సమ్మతిపత్రము — ఇన్ని కాగితములు కావలయును. ఏడ్చుచున్న ఇల్లాలు ఆ వేళ ట్రంకుపెట్టె వెదకుకొనవలెనా?

"ఇది యంతయు ప్రభుత్వము చేయవలసిన పని గదా" యని మీరనవచ్చును. ప్రభుత్వము చేసినది లేకపోలేదు. ఏజెంటు లైసెన్సు నిజమో కాదో చూచుకొనుటకు "ఈ-మైగ్రేట్" పట్టిక యున్నది. ఫిర్యాదునకు 2015 నుండి "మదద్" ఉన్నది. ఆపదలోనున్నవారికి 2009 నుండి రాయబార కార్యాలయములలో సంక్షేమనిధి యున్నది. కాని చట్టము కార్యాలయమున కూర్చుండును. దళారి యింటి గడపకు వచ్చును. ఆ రెంటికి నడుమ నున్న దూరమును నడువవలసినవారు చదువుకొన్న మనము.

మన గ్రంథాలయోద్యమము పుట్టినదే యిందులకు. 1914లో బెజవాడలో తొలి గ్రంథాలయ మహాసభ జరిగిననాడు, పుస్తకములను బీరువాలలో పేర్చుటయే లక్ష్యము గాదు. చదువురానివానికి చదివి వినిపించుటయు నందు భాగమే. నాడు పత్రికలు చదివి వినిపించితిమి. నేడు ఒడంబడికలు చదివి వినిపింతము. అరబ్బీ ప్రతియే ప్రమాణమగుటచే, అందున్న జీతము ఏజెంటు నోట విన్న జీతమునకు సరిపడునో లేదో తెలిసినవారిచే చదివించి, తెలుగున చెప్పవలయును.

కావున నేను కోరునది స్వల్పము. ఈ మందిరమున వారమున కొక సాయంకాలము మూడు పనులకై కేటాయింపుడు. ఒకటి, పోవువాని ఒడంబడికను వాని భార్యయు తల్లిదండ్రులును వినునట్లు తెలుగున చదివి చెప్పుట. రెండు, ఏజెంటు లైసెన్సు సంఖ్యను ప్రభుత్వపు పట్టికతో సరిచూచుట. మూడు, పాసుపోర్టు, వీసా, ఒడంబడిక, బీమా — వీని నకళ్ళను ఒక సంచిలో పెట్టి వాని యింట నుంచుట. దీనికి చందాలు వలదు, భవనములు వలదు. రెండు కుర్చీలు, ఒక బల్ల, చదువవచ్చిన యిద్దరు చాలును.

ఇచటనుండి పోవు మనుష్యుని మనము ఆపజాలము. పొట్టకూటికై పోవువానిని ఆపుట న్యాయమును గాదు. తాను సంతకము చేసిన మాట తెలిసి పోవునట్లు మాత్రము చేయవచ్చును. ఆ పని రాబోవు వారమే ఆరంభమగునని నమ్ముచున్నాను.