నడక తగ్గినవారికి విద్యుత్ స్కూటరు: ఎన్నుకొనుటలో వివేకము
(ప్రసంగ పాఠము)



ఉద్యోగ విరమణానంతరము ఢిల్లీలోనో, ముంబయిలోనో పిల్లల చెంత కాలము గడపుచున్న తెలుగు వృద్ధులకు సాయంకాలపు నడక సామాన్య విషయము కాదు. పాలబూతు వరకు పోవుట, కూరగాయలు బేరమాడుట, పార్కులో బల్లమీద కూర్చుండి నాలుగు తెలుగు మాటలు వినుట, ఆ గంటసేపే వారి స్వరాజ్యము. మోకాళ్ల నొప్పుల వలననో, పక్షవాతము వలననో నడక ఆగిన నాడు ఆ స్వరాజ్యమును పోవును. ఇంటివారు ఎంత ప్రేమగలవారైనను, దినదినము చేయిపట్టి తీసికొనిపోవుటకు ఆఫీసు వేళలు సాగనీయవు.

ఇట్టివారికొరకే విద్యుత్తుతో నడచు మొబిలిటీ స్కూటరు ఏర్పడినది. 1968లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఆలన్ థీమ్ అను నాతడు, తన కుటుంబమున నరముల వ్యాధిచే నడక కోల్పోవుచున్న యొకరి కొరకు ఇట్టి బండిని నిర్మించెను. అవసరము ప్రేమతో కలిసినప్పుడు పుట్టిన సాధనమిది. అయినను తగని బండిని కొన్నచో అది వరండాలో దుమ్ముపట్టి పడియుండును. ధనముతోపాటు వృద్ధుని ఉత్సాహమును వ్యర్థమగును. కావున బండిని చూచుటకు ముందు మనిషిని చూడవలెను.

మొదటి ప్రశ్న: ఇది ఎవరికి తగును? నాలుగడుగులు వేయగలిగి, తనంతట తాను ఎక్కి దిగగలిగి, నిటారుగా కూర్చుండగలవారికి తగును. స్కూటరునకు ముందు నిలువు కొయ్యవంటి హాండిలు ఉండును. దానిని త్రిప్పుటకు భుజములందును చేతులయందును కొంత బలము కావలెను. చేతులు వణకువారికి, నడుము నిలువనివారికి, వ్రేళ్లతో నడుపదగిన చిన్న కాడ గల విద్యుత్ చక్రాల కుర్చీయే మేలు. చూపు, వినికిడి, తటాలున స్పందించు శక్తి సరిగా ఉన్నవో లేవో వైద్యునిచే పరీక్షింపజేయవలెను. ఈ పరీక్షకు వృద్ధులు నొచ్చుకొనవచ్చును. కాని ఇది వారి శక్తిని శంకించుట కాదు, వారి ప్రాణమును గౌరవించుట.

రెండవ ప్రశ్న: ఎక్కడ తిరుగుటకు? మూడు చక్రముల బండి ఇరుకు తావున సులభముగా మలుపు తిరుగును; కాళ్లు చాచుకొనుటకును చోటిచ్చును. కాని వాలునేలపై వేగముగా త్రిప్పిన ఒరిగిపోవు భయము కలదు. నాలుగు చక్రముల బండి నిలకడ గలది, కాని మలుపునకు ఎక్కువ చోటు కోరును. గుంతల బాటలకు నేలనుండి కొంత ఎత్తుగా ఉన్న అడుగుభాగము, పెద్ద చక్రములు అవసరము. అంగడిలోని నున్నని నేలపై హాయిగా సాగిన బండి, వీధిచివర విరిగిన పలకపై చతికిలబడవచ్చును.

కొనుటకు ముందు కొలతబద్ద చేతబట్టుట ఉత్తమము. వాకిలి వెడల్పు, లిఫ్టు లోతు, బండిని పెట్టుచోటు కొలిచి వ్రాసికొనవలెను. గడపను మరువరాదు. వాలుబాట ఒక అడుగు ఎత్తునకు పన్నెండడుగుల పొడవుండవలెనని వాస్తు నిపుణుల నియమము. అనగా ఇంటి అరుగు అడుగున్నర ఎత్తైనచో పదునెనిమిది అడుగుల వాలు కావలెను. ఒక చెక్కపలక వాల్చిన చాలునని తలచుట ప్రమాదకరము. మేడమీద, లిఫ్టు లేని క్వార్టర్సులో నివసించువారు బండిని క్రింద ఎక్కడ భద్రపరతురో, అచ్చట ఛార్జి చేయుటకు ప్లగ్గు కలదో లేదో ముందే నిర్ణయించుకొనవలెను. విడదీసి కారులో పెట్టదగిన బండ్లును కలవు. కాని వాని భాగములలో మిక్కిలి బరువైనదానిని ఎవరు ఎత్తుదురు? అరువది యేండ్ల భార్య ఎత్తలేనిదైనచో ఆ సౌకర్యము కాగితముపైననే.

బాటరీ విషయము: సీసపు బాటరీ చవుక, బరువు; లిథియము బాటరీ తేలిక, ఖరీదు. 24 వోల్టులు, 12 ఆంపియర్ గంటలు గల బాటరీలో నిలువయుండు శక్తి 288 వాట్ గంటలు. నష్టములను కలుపుకొన్నను అర యూనిటు విద్యుత్తు దాటదు. కావున భయపడవలసినది కరెంటు బిల్లునకు కాదు, కొన్ని యేండ్లకు మార్చవలసిన బాటరీ వెలకు. దానిని ముందే అడిగి తెలిసికొనవలెను. సీసపు బాటరీని ఖాళీగా వదలిన త్వరగా చెడును. కంపెనీవారు చెప్పు దూరము చదునైన నేలను, తేలికైన మనిషిని ఉద్దేశించినది. ఎత్తుపల్లములు, కూరల సంచి, పాతబడిన బాటరీ ఆ దూరమును తగ్గించును. పోవలసిన దూరమునకు రెట్టింపు చెప్పిన బండిని ఎన్నుకొనుట క్షేమము.

నడుపుట కష్టము కాదు. వేగపు బొత్తామువద్ద తాబేలు, కుందేలు బొమ్మలు పలు బండ్లపై ఉండును. మొదటి నెల తాబేలునే నమ్ముకొనుట మంచిది. మీటను వదలినంతనే బండి ఆగి, బ్రేకు తనంతట పడును. అయితే చేతితో నెట్టుటకై వెనుకనుండు మీటను మార్చినచో ఈ బ్రేకు పనిచేయదు. వాలుపై దానిని ముట్టరాదు.

రోడ్డుపై నడుపదలచినవారు రిజిస్ట్రేషను, లైసెన్సు అవసరమో కాదో రవాణా కార్యాలయమున అడుగవలెను. మోటారు శక్తిని, వేగమును, బరువును బట్టి నియమములు మారును. విమానమున తీసికొనిపోవుటకు బాటరీ వివరములను ముందుగా తెలుపవలెను.

దిగుమతి బండియే శరణ్యము కాదు. 1972లో కాన్పూరున స్థాపింపబడిన అలిమ్కో సంస్థ మోటారు ట్రైసికిళ్లను తయారుచేయుచున్నది. మద్రాసు ఐ.ఐ.టి. పరిశోధన ఫలితముగా 2021లో వెలువడిన నియోబోల్ట్, చక్రాల కుర్చీకి ముందు తగిలించి నడుపదగిన యంత్రము. మరమ్మతు దగ్గరలో దొరకునది, ఇంటివద్ద అరగంటయైన కూర్చుండి పరీక్షింపనిచ్చునది కొనదగినది. పిల్లలు చూచి మెచ్చిన చాలదు, కూర్చుండువారు మెచ్చవలెను.

కడపట ఒక్క మాట. ఇంతటి విచారణతో బండి కొన్న పెద్దాయన ఉగాది సభకు వచ్చి, హాలు ముందటి మూడు మెట్లవద్ద ఆగిపోయినచో ఆ దోషము బండిది కాదు. పొరుగు ప్రాంతమున తెలుగును నిలిపినవారు ఆ పెద్దలే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము అందరికి అందుబాటును కోరుచున్నది. చట్టము చెప్పకమునుపే సంఘము చేయదగిన పని యొకటి కలదు: రాబోవు సభకు హాలు మాట్లాడునప్పుడు అద్దెతోపాటు, వాలుబాట కలదా యని అడుగుట. ఆ ప్రశ్న అడిగిన సంఘమున పంచాంగ శ్రవణమునకు ముందువరుసలో పెద్దలందరును కూర్చుందురు.