సముద్రం పొంగినప్పుడు ఓడలో మా బతుకు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామందికి నేను రికార్డు సెక్షన్‌లో ఫైళ్ల మధ్య కూర్చున్న మనిషిగానే తెలుసు. అంతకుముందు పదిహేనేళ్లు, 1974 నుంచి 1989 దాకా, నేను నౌకాదళంలో నావికుణ్ణి. ఇంజను విభాగంలో మెకానిక్‌గా చేశాను. ప్రత్యేక సంచిక కోసం ఓడ కబుర్లు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. యుద్ధాల గురించి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. యుద్ధం లేని రోజుల్లో కూడా నావికుడికి తప్పని పోరు ఒకటుంది. అది సముద్రంతో. దాని గురించి నాలుగు మాటలు చెబుతాను.

విశాఖ రామకృష్ణా బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని మీలో చాలామంది మనవలతో కలిసి చూసే ఉంటారు. 1969లో కొలువులో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి మ్యూజియంగా ఉంటోంది. లోపలికి వెళ్లినవారికి ఆ ఇరుకు ఎలాంటిదో తెలుసు. నేను పనిచేసిన ఫ్రిగేట్లలో చోటు కాస్త నయం. అయితే జలాంతర్గామి నీటి అడుగుకు దిగిపోతే ఊపు తగ్గుతుంది. పైన తేలే ఓడకు ఆ సుఖం లేదు. ప్రతి కెరటానికీ జవాబు చెప్పుకోవలసిందే.

అరేబియా సముద్రం జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలతో అల్లకల్లోలంగా ఉంటుంది. మన బంగాళాఖాతానికి రుతుపవనాల ముందు ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరోసారి తుపానుల కాలం. సముద్రం ఎంత పోటు మీద ఉందో చెప్పడానికి సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలున్నాయి. ఆరు అంటే నాలుగు నుంచి ఆరు మీటర్ల అలలు. ఏడు అంటే ఆరు నుంచి తొమ్మిది మీటర్లు. ఆరు మీటర్లంటే రెండంతస్తుల మేడ. అలాంటివి వరసగా రాత్రీ పగలూ వస్తూనే ఉంటాయి.

ఓడ పక్కలకు ఊగితే రోలింగ్ అంటాం. ముక్కు పైకి లేచి కిందికి పడితే పిచింగ్ అంటాం. రెండూ కలిసినప్పుడే అసలు బాధ. ఒళ్లు ఊగుతోందని చెవి లోపలి భాగం చెబుతుంది. ఎదురుగా ఉన్న ఇనుప గోడ కదలడం లేదని కన్ను చెబుతుంది. ఈ తగాదాలో నష్టపోయేది కడుపు. దీనికి హోదాతో పని లేదు. ఇంగ్లండు అడ్మిరల్ నెల్సన్‌కు కూడా సముద్రపు వాంతులు తప్పలేదు. డెక్ మీద ఉన్నవాడికి దూరాన నీళ్లూ ఆకాశమూ కలిసే గీత కనిపిస్తుంది, దాన్ని చూస్తూ కాస్త తేరుకుంటాడు. ఇంజను గదిలో మాకు అదీ లేదు. బకెట్ పక్కన పెట్టుకుని డ్యూటీ చేసేవాళ్లం. వాంతి అయిందని వాచ్ వదిలి వెళ్లడం మాత్రం ఉండదు.

వాచ్ అంటే నాలుగు గంటల కాపలా. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న వాచ్‌ను మాత్రం రెండు గంటల చొప్పున రెండు ముక్కలు చేస్తారు. వీటిని డాగ్ వాచ్‌లంటారు. దానివల్ల రోజుకు ఏడు వాచ్‌లవుతాయి. బేసి సంఖ్య కాబట్టి అర్ధరాత్రి కాపలా రోజూ ఒకడి నెత్తినే పడకుండా మారుతూ ఉంటుంది. ఎవరు కనిపెట్టారో గాని, ఆఫీసులో డ్యూటీ చార్టు వేసేటప్పుడల్లా నాకది గుర్తొచ్చేది.

గాలి పెరుగుతుందని కబురు రాగానే కదిలే వస్తువులన్నీ తాళ్లతో కట్టేయాలి. ఒక్క పానా గూట్లోంచి జారినా అది రాత్రంతా గదిలో ఫిరంగి గుండులా తిరుగుతుంది. నీరు చొరని తలుపులన్నీ బిగించాలి. పై డెక్ మీదికి అనుమతి లేకుండా ఎవరూ పోకూడదు. ఓడకు అలను ఎదుర్కొనే విధం కూడా ఒకటుంది. పక్క చూపిస్తే కొట్టి పొర్లిస్తుంది. అందుకే వేగం తగ్గించి, ముక్కును అలకు కాస్త వాలుగా పెట్టి నడుపుతారు.

మా ఆవిరి ఓడల్లో మామూలు రోజుల్లోనే బాయిలర్ గది నలభై డిగ్రీలు దాటేది. తుపాను వేళ ఓడ వెనక భాగం నీళ్లలోంచి పైకి లేస్తే, ప్రొపెల్లర్‌కు నీటి ఒత్తిడి తగ్గి ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది. యంత్రం అరుస్తుంది. ఆవిరి చక్రం పట్టుకున్నవాడు వెంటనే తగ్గించాలి, వెనక భాగం దిగగానే మళ్లీ పెంచాలి. నాలుగు గంటలూ అదే పని. కళ్లతో చూసేది ఏమీ లేదు. కాళ్ల కింది పలక లేచే తీరును బట్టి చెయ్యి కదలాలి.

తిండి సంగతి అడగకండి. వంటపొయ్యి చుట్టూ ఇనుప కడ్డీలుండేవి, గిన్నెలు జారిపోకుండా. పోటు మరీ ఎక్కువైతే వంట ఆపేసి బ్రెడ్డు, ఉడకబెట్టిన బంగాళాదుంపలు ఇచ్చేవారు. ప్లేట్లు నిలవడానికి బల్ల మీద తడి గుడ్డ పరిచేవాళ్లం. మంచినీళ్లు సముద్రపు నీటిని మరగబెట్టి తయారుచేసినవే. అందులో మొదటి వాటా బాయిలర్‌కు, తర్వాతే మా స్నానాలకు. అన్నం, ఊరి నుంచి తెచ్చుకున్న ఆవకాయ ముద్ద దొరికిన రోజు మాకు పండగ.

ఒక వర్షాకాలం అరేబియా సముద్రంలో మూడు రోజులు అలా గడిచాయి. రెండో రాత్రి వెనక గదిలోకి నీరు వస్తోందని పిలుపు వచ్చింది. మూత చుట్టూ ఉండే రబ్బరు నలిగి, ప్రతి అలకూ ఇంత నీరు లోపలికి దూకుతోంది. మోకాళ్ల లోతులో నిలబడి పంపు పెట్టాం, గుడ్డలూ చెక్కలూ కొట్టి మూత బిగించాం. మా చీఫ్ భీమిలి మనిషి. "ఒరే తమ్ముడూ, నీళ్లవైపు చూడకు, చేతిలో పని చూడు" అన్నాడు. తెల్లవారేసరికి నీరు ఆగింది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఆ రాత్రి పట్టిన నడుం నొప్పి ఇప్పటికీ వదలలేదు.

అందరికీ ఆ తెల్లవారడం దక్కదు. 1990లో ఐ.ఎన్.ఎస్. ఆండమాన్ బంగాళాఖాతంలో మునిగిపోయింది. అది యుద్ధం కాదు. అయినా కొందరు నావికులు తిరిగి రాలేదు. నేను అప్పటికే ఈ ఆఫీసులో ఉన్నాను. పత్రికలో ఆ వార్త చదివిన రోజు నాకు భోజనం సయించలేదు.

ఇక్కడ అక్కచెల్లెళ్లకు ఒక మాట చెప్పాలి. తుపాను వస్తుంటే చేపల పడవలు ఒడ్డుకు చేరతాయి. యుద్ధనౌకలు చాలాసార్లు రేవు వదిలి బయటికి వెళ్లిపోతాయి. రేవులో ఉంటే తాళ్లు తెగి, ఓడ గట్టుకు కొట్టుకుని పగిలే ప్రమాదం ఉంది. అంటే ఇంటి పైకప్పు లేచిపోతున్న రాత్రి నావికుడి భార్య పిల్లలతో ఒంటరిగా ఉంటుంది. ఆయన ఎక్కడున్నాడో ఆమెకు తెలియదు. ఆ రోజుల్లో ఫోన్లు లేవు. ఓడ రేవు చేరితేనే ఉత్తరం. మా ఆవిడ అలాంటి రాత్రులు నాలుగు గడిపింది. ఆమెకు ఏ పతకమూ రాలేదు.

అందుకే చివరగా ఒక పని మాట. సైనిక దళాల్లో చేసి తర్వాత సివిల్ ఉద్యోగం చేసి రెండు పెన్షన్లు తీసుకునేవారు మన సంఘంలో ఉన్నారు. అలాంటి వ్యక్తి కాలం చేస్తే భార్యకు రెండు కుటుంబ పెన్షన్లూ పొందే వీలు 2012 సెప్టెంబరు 24 నుంచి కేంద్రం కల్పించింది. చాలా ఇళ్లలో ఆడవాళ్లకు ఈ సంగతి తెలియదు. రెండు పి.పి.ఓ.లూ తీసి చూడండి. భార్య పేరు, పుట్టిన తేదీ రెండింటిలో ఒకేలా ఉన్నాయా? తేడా ఉంటే మీరు బతికుండగానే సరిచేయించండి. ఆ కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో ఆమెకు చూపించండి. సముద్రం మీద తలుపులు బిగించేది గాలి రాకముందే.

2022 నుంచి అగ్నివీర్ పద్ధతిలో ఆడపిల్లలు కూడా నావికులుగా చేరుతున్నారు. మన మనవరాళ్లలో ఎవరైనా వెళతానంటే నన్ను కలవమనండి. వాంతులకు అల్లం ముక్క మొదలుకొని అన్నీ చెబుతాను.

 సెలవు. జై హింద్.