మజిలీ చేస్తే తప్పేమిటి?

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



బండ్లు కట్టుకుని కాశీయాత్రకు వెళ్ళిన రోజుల్లో పొద్దు వాలేసరికి ఏదో ఒక సత్రం చూసుకుని మజిలీ చేసేవారట. ఎడ్లకు మేత, మనుషులకు ఇంత వంట, బండి ఇరుసుకు కందెన. ఇవన్నీ అయ్యాకే మళ్ళీ ప్రయాణం. మజిలీ చేయడం దండగని ఆ రోజుల్లో ఎవరూ అనుకోలేదు.

మన నౌకాదళానికి చెందిన ఆరుగురు వనితలు తెరచాప పడవ మీద భూగోళాన్ని చుట్టి వచ్చిన వైనం చదువుతుంటే నాకీ మజిలీల మాటే గుర్తుకొచ్చింది. పడవ పేరు తారిణి. నాయకురాలు వర్తికా జోషి. మిగిలినవారు ప్రతిభా జామ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా, మన విశాఖపట్నం అమ్మాయి స్వాతి, మన హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, 2018 మే 21న మళ్ళీ గోవా చేరారు. మొత్తం 254 రోజులు. ఇరవై ఒక్క వేల నాటికల్ మైళ్ళ పైచిలుకు, అంటే దగ్గర దగ్గర నలభై వేల కిలోమీటర్లు!

అందరూ వాళ్ళ సాహసం గురించి చెప్పారు. నేను మాత్రం వాళ్ళు ఆగిన చోట్ల గురించి చెబుతాను. ఆ 254 రోజుల్లో యాభై రోజులకు పైనే వాళ్ళు ఒడ్డున ఉన్నారు. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండులో లిటిల్‌టన్, ఫాక్‌లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్. సరుకులు నింపుకోవడానికి, మరమ్మతులు చేసుకోవడానికి ఈ నాలుగు రేవుల్లో ఆగాలని బయలుదేరక ముందే నిర్ణయించుకున్నారు.

లిటిల్‌టన్ దాటితే మళ్ళీ రేవు చూసేది సుమారు నలభై రోజుల తరువాతే. మధ్యలో పెనుగాలులకు పేరుపడ్డ కేప్ హార్న్. అక్కడ ఉప్పు అయిపోయిందని పక్కింటి తలుపు తట్టగలమా? అందుకే రేవులో ఉండగానే రోజుకింత అని లెక్క కట్టి, దానిపైన మరికొంత కలిపి సర్దుకోవాలి. ఈ విద్య మనకు తెలిసిందేగాని, పడవలో కొన్ని తేడాలున్నాయి. అట్టపెట్టెలను పడవలోకి రానివ్వరు, వాటి మడతల్లో బొద్దింకల గుడ్లు వస్తాయని. డబ్బాల మీది కాగితాలు తేమకు ఊడిపోతాయి గనుక లోపల ఏముందో డబ్బా మీదనే చెరగని సిరాతో రాసుకుంటారు. ఉల్లిపాయలను, బంగాళాదుంపలను ఒకేచోట పెట్టరు, గాలాడే వలసంచుల్లో విడివిడిగా వేలాడదీస్తారు. ముందు ఆకుకూరలు, మెత్తని పండ్లు, ఆ తరువాత క్యాబేజీ, చివరకు పప్పులు. ఏది ముందు పాడవుతుందో అది ముందు వండుకోవాలి.

ఇక మరమ్మతులు. మోకు ఒకేచోట పదేపదే ఒరుసుకుంటే పోగులు లేస్తాయి. తెరచాప కుట్లు వదులవుతాయి. అది జానెడు ఉండగానే సూది పట్టాలి. నడిసముద్రంలో గాలి దాన్ని బారెడు చేస్తుంది.

మనుషుల సంగతీ అంతే. సముద్రం మీద రాత్రీ పగలూ వంతులవారీ కాపలా, కొద్ది గంటల చొప్పున ముక్కలు ముక్కలుగా నిద్ర. ఒడ్డెక్కాక మొదట నేల కూడా ఊగుతున్నట్టే ఉంటుందట! తెల్లవార్లూ ఒక్క నిద్ర పోతేగాని ఒళ్ళు కుదుటపడదు.

నన్ను బాగా ఆలోచింపజేసినది ఐదో మజిలీ. అది వాళ్ళు అనుకున్నది కాదు. కేప్‌టౌన్ దాటి హిందూ మహాసముద్రంలోకి వచ్చాక చుక్కానిని తిప్పే సరంజామా చెడింది. అప్పటికి అంత భూమి చుట్టారు. కేప్ హార్న్ దాటారు. మిగిలింది ఇంటిదారే. మనమైతే ఏమంటాం? "ఈ కాస్త దూరానికేముందిలే, ఎలాగో నెట్టుకుపోదాం" అంటాం. వాళ్ళు అలా అనలేదు. 2018 ఏప్రిల్‌లో మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవులో ఆగి, బాగు చేయించుకుని, అప్పుడే గోవా దారి పట్టారు. ఆగినందుకు వాళ్ళ ఘనత వీసమెత్తు తగ్గిందా?

మా పెద్దక్క అలా ఆగలేకపోయింది. కూతురి పెళ్ళి పనుల్లో కళ్ళు తిరుగుతున్నాయని నెలరోజులు ఎవరికీ చెప్పలేదు. "ఇంకెంత, పెళ్ళి అయిపోతే తీరిగ్గా డాక్టరుకు చూపించుకుంటాను" అనుకుంది. తీరా ముహూర్తం వేళకు పీటల మీద ఉండవలసిన మనిషి ఆసుపత్రి మంచం మీద ఉంది. దైవకృప వల్ల కోలుకుందిగాని, కన్యాదానం చూసే భాగ్యం మాత్రం దక్కలేదు. ఆ మాట తలుచుకుని ఇప్పటికీ కంటతడి పెట్టుకుంటుంది.

కుక్కరు గ్యాస్కెట్టు వదులైతే మరునాడే కొత్తది తెప్పిస్తాం. మన ఒంటి విషయం మాత్రం పిల్లల పరీక్షలు కానీ, పండగ వెళ్ళనీ అని వాయిదా వేస్తాం. పరీక్షలయ్యాక సెలవులొస్తాయి, సెలవులయ్యాక చుట్టాలొస్తారు. మన మజిలీ మాత్రం రాదు.

అందుచేత, పోపులడబ్బా కింద పెట్టి మరిచిపోయిన ఆ డాక్టరు చీటీ ఉంది చూశారూ, దాన్ని ఇవాళ బయటికి తీయండి. ఇంట్లోవాళ్ళతో, "రేపు పొద్దున నేను డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, వంట సంగతి మీరు చూసుకోండి" అని చెప్పండి. ఒక్కపూట ఇల్లు ఆగితే కొంప మునగదు.